కుండలో ఏరు

చర్ల వైపు ఒక బడికి ఖమ్మం నుంచి కొత్త మాస్టారు వెళ్లారనుకోండి. బోర్డు మీద ‘మా ఊరి పక్కన ఏరు ఉంది’ అని రాసి, ఏరు అంటే ఏమిటని అడిగారు. ఒక కోయ పిల్ల లేచి మూలనున్న మంచినీళ్ల కుండ చూపించింది. మాస్టారికి నవ్వొచ్చింది. పిల్ల మాత్రం తప్పేమీ చెప్పలేదు. కోయ భాషలో ఏరు అంటే నీళ్లు. కుండలో ఉన్నా, సొరకాయ బుర్రలో ఉన్నా, గోదారిలో ఉన్నా ఏరే.

మనకేమో ఏరు పారేది. ఆమాటకొస్తే రోజూ మనం అనేది వాగు అనే. ఏరు మున్నేరు, పాలేరు లాంటి పేర్లలో, దాటాక తెప్ప తగలేసే సామెతలో మిగిలింది. పైగా ఎడ్లు పూన్చిన నాగలి కూడా ఏరే, ఏరువాకలో ఉన్నది అదే. పాత పుస్తకాల్లో ఈ తికమక లేదు. పారేదానికి బండి ఱ, దున్నేదానికి మామూలు ర. బండి ఱ పోయాక రెండూ ఒకటైపోయాయి.

ఇంతకీ అర్థం మార్చింది మనమా, కోయవాళ్లా? తమిళ, మలయాళాల్లో నదిని ఆఱు అంటారు. పెరియార్ చివర ఉన్నది అదే. మొదట్లో అది ‘యా’తో మొదలయ్యే మాట. తమిళం య వదిలేసింది, తెలుగు ‘యా’ను ‘ఏ’ చేసుకుంది. వాళ్ల ఆనై మనకు ఏనుగైనట్టే. దూరమైపోయిన ఈ భాషలన్నీ నది అనే అంటున్నాయి కాబట్టి పాత అర్థం అదే. కోయ, గోండి, కూయి భాషలు తెలుగుకు తోబుట్టువులు, అందరిదీ దక్షిణమధ్య ద్రావిడ శాఖ. అయినా అర్థం వాటిలోనే నీళ్లవైపు జరిగింది. బిందె ముంచే చోటి పేరు బిందెలోకీ వచ్చిందని నా ఊహ. పారసీకంలో ఆబ్ అంటే నీళ్లు. ఐదు నదుల సీమ మాత్రం పంజాబ్ అయింది. నీటికీ నదికీ మధ్య గట్టు ఎక్కడా గట్టిది కాదు.

ఇలాంటిదే ఇంకొకటి: కోయలో మర్రి అంటే చెట్టు కాదు, కొడుకు.

గోదావరి ఒడ్డున ఉండే గొమ్ము కోయల మాటకు స్టీఫెన్ టైలర్ 1969లోనే వ్యాకరణం రాశారు. 2011 జనగణనలో కోయ మాట్లాడేవాళ్లు 4 లక్షలు దాటారు. కొత్తగా ఆ బళ్లకు వెళ్లే మాస్టార్లకు ఒక మనవి: జవాబు మీద ఎర్రసిరా గీసేముందు, ఇంట్లో ఆ మాటను దేనికి వాడతారో పిల్లను ఒక్కసారి అడగండి.