బౌద్ధ పాఠాల సామూహిక ముద్రణ – స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సాధనాలు

పాళి గ్రంథాలను గానీ ప్రాకృత శాసనాలను గానీ అచ్చువేసే పనిలో ఉన్నవారందరికీ ఒక ఇబ్బంది పరిచితమే. సంపుటం వెలువడిన కొన్నాళ్లకు మేలైన ఎస్టాంపేజీ దొరుకుతుంది. లేదా మరొక పండితుడు సందేహాస్పదమైన అక్షరాన్ని సరిగా చదువుతాడు. ఆ సవరణ ఆయన సొంత ప్రతి అంచున పెన్సిలు గుర్తుగా మిగిలిపోతుంది. పదేళ్ల తర్వాత పునర్ముద్రణకు పూనుకునేసరికి ఆ ప్రతి ఎక్కడుందో తెలియదు. డీటీపీ చేసిన ఫైలు దొరకదు. దొరికినా కొత్త కంప్యూటరులో అక్షరాలు చెదిరిపోతాయి. చివరకు పాత పుటలనే స్కాను చేసి మళ్లీ అచ్చువేస్తారు. వాటితోపాటు పాత తప్పులూ మళ్లీ అచ్చవుతాయి.

దీనికి మూలకారణం ముద్రణ కాదు. మన పద్ధతిలో పాఠమూ పుటా విడదీయరానివిగా కలిసిపోవడమే అసలు కారణం. పుట రూపకల్పన కోసం తయారైన ఫైలే పాఠానికి ఏకైక ప్రతి అవుతున్నది. పాఠాన్ని వేరుగా, అందరూ చూడగల చోట, ప్రతి మార్పూ నమోదయ్యే విధంగా భద్రపరచి, పుస్తకాన్ని అవసరమైనప్పుడల్లా దాని నుండి వెలువరించడమే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఆధారిత సామూహిక ప్రచురణలోని సారం. ఆ విధానం ఎట్లా పనిచేస్తుందో, మన రంగంలో ఎక్కడ అమలులో ఉందో, దాని పరిమితులేమిటో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సంగీతి సంప్రదాయం

పాఠాన్ని పలువురు కలిసి సరిచూడడం బౌద్ధానికి కొత్త విషయం కాదు. సంగీతి అంటేనే కలిసి పఠించి నిర్ధారించడం. 1954 నుండి 1956 వరకు రంగూనులో జరిగిన ఛట్ఠ సంగాయనం ఫలితంగా పాళి త్రిపిటకం 40 సంపుటాలుగా వెలువడింది. దాని అధోజ్ఞాపికలలో సింహళ, థాయి, ఖ్మేర్ ప్రతుల పాఠాంతరాలు, పాళి టెక్స్ట్ సొసైటీ ప్రతి పాఠాంతరాలు సంకేతాక్షరాలతో నమోదయ్యాయి. ఏ పాఠాన్ని స్వీకరించారో, దేనిని పక్కన పెట్టారో పాఠకునికి తెలుస్తుంది. ఈ పాఠాన్ని ఇగత్‌పురిలోని విపశ్యన విశోధన విన్యాస డిజిటల్ రూపంలోకి తెచ్చింది. నేడు దానిని తెలుగు లిపిలోనూ చదువుకోవచ్చు. పాఠం ఒకటే, లిపులు అనేకం. పాఠాన్ని పుట నుండి విడదీయడం వల్లనే ఇది సాధ్యమైంది.

ఖండాలుగా పాఠం: సుత్తసెంట్రల్ పద్ధతి

2005లో రాడ్ బక్‌నెల్, జాన్ కెల్లీలతో కలిసి భంతే సుజాతో ప్రారంభించిన సుత్తసెంట్రల్ ఈ సూత్రాన్ని మరింత ముందుకు తీసుకువెళ్లింది. అక్కడి అనువాద సాధనం పేరు బిలార. పాళిలో పిల్లి అని అర్థం. కంప్యూటరు సహాయంతో చేసే అనువాదానికి ఆంగ్లంలో వాడే పొడిపేరు కూడా పిల్లిని సూచించే పదమే కావడం ఆ చమత్కారం.

దీని పనితీరు సరళం. ప్రతి సుత్తాన్నీ వాక్యమంత చిన్న ఖండాలుగా విభజించి, ఒక్కొక్క ఖండానికీ స్థిరమైన సంఖ్య ఇస్తారు. ఉదాహరణకు మజ్ఝిమ నికాయంలోని 10వ సుత్తమైన సతిపట్ఠాన సుత్తంలో మొదటి భాగంలోని మొదటి ఖండానికి ఒక సంఖ్య ఉంటుంది. పాళి మూలం ఒక ఫైలులో, అనువాదం మరొకదానిలో, పాఠాంతరాలు ఇంకొకదానిలో, వ్యాఖ్యలు వేరొకదానిలో ఉంటాయి. అన్నింటినీ కలిపి ఉంచేది ఆ సంఖ్యే. కనుక అనువాదకుడు తన వాక్యాన్ని మార్చినా మూలం చెదరదు. రెండు భాషల అనువాదాలను పక్కపక్కన పెట్టి సరిపోల్చవచ్చు. ఒక పాళి పదాన్ని మునుపు ఎక్కడెక్కడ ఎట్లా అనువదించారో పని చేస్తుండగానే చూడవచ్చు. ఇదే సామగ్రి నుండి వెబ్ పుటలు, ఈ-పుస్తకాలతోపాటు అచ్చుకు సిద్ధమైన సంపుటాలు కూడా వెలువడుతున్నాయి. నాలుగు నికాయాలకు సుజాతో చేసిన ఆంగ్లానువాదాన్ని ఆయన ఏ హక్కులూ నిలుపుకోకుండా ప్రజలకు వదిలివేశారు. అందువల్ల ఏ విహారమైనా అనుమతి కోసం ఎదురుచూడకుండా దానిని అచ్చువేసి దానం చేయవచ్చు.

మార్పుల చరిత్రను భద్రపరచే పని గిట్ అనే సాధనానిది. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ దీనిని సాఫ్ట్‌వేర్ రచన కోసం రూపొందించాడు. ఎవరు, ఎప్పుడు, ఏ వాక్యాన్ని, ఏ కారణంతో మార్చారో ఇది నమోదు చేస్తుంది. ఒక సవరణ తప్పని తేలితే ముందటి పాఠానికి తిరిగి పోవచ్చు. పెన్సిలు గుర్తుకు పేరూ తేదీ చేర్చి, అందరికీ కనబడే చోట నిలిపినట్లని భావించవచ్చు.

శాసనాల విషయం

శాసన సంపాదకత్వంలో ఈ పారదర్శకత మరింత అవసరం. రాయి విరిగి పోయిన అక్షరాలను సంపాదకుడు పూరించినప్పుడు చదరపు కుండలీకరణాలలో చూపాలని, స్పష్టత లేని అక్షరం కింద చుక్క పెట్టాలని 1931 నాటి లైడెన్ నియమావళి చెబుతుంది. ఆచరణలో మాత్రం ఒక వ్యాసం నుండి మరొక వ్యాసానికి ఉద్ధరణలు సాగేకొద్దీ కుండలీకరణాలు రాలిపోతాయి. ఊహ సాక్ష్యంగా మారుతుంది. ఆ పూరించిన అక్షరం దాత పేరులోనిదో నికాయం పేరులోనిదో అయితే, దాని మీద సంఘచరిత్ర మొత్తం నిలబడే ప్రమాదం ఉంది.

ఎపిడాక్ అనే గుర్తింపు విధానం ఈ భేదాన్ని పాఠంలోనే నిక్షిప్తం చేస్తుంది. ‘ఇది పోయిన అక్షరం, సంపాదకుడు పూరించినది’, ‘ఇది అస్పష్టం’, ‘ఇది లేఖకుని పొరపాటు, ఇది సవరణ’ అన్న వివరాలు వేర్వేరు గుర్తులుగా ఉంటాయి. అచ్చులో అవి కుండలీకరణాలుగా, చుక్కలుగా కనిపిస్తాయి. శోధించేటప్పుడు పూరించిన అక్షరాలను మినహాయించి, రాతి మీద నిజంగా ఉన్నవాటినే వెదకవచ్చు.

మన ప్రాంతానికి సంబంధించిన ప్రాచీన ఆంధ్రదేశ శాసనాల డిజిటల్ సంకలనం ఈ విధానంలోనే రూపొందింది. ఆర్లో గ్రిఫిత్స్, వాన్సాన్ తూర్నియే తమ సహచరులతో కలిసి 2016 జనవరి, ఫిబ్రవరి నెలల్లో క్షేత్రపర్యటన చేసి ఫలితాలను ప్రకటించారు. అమరావతి, నాగార్జునకొండ, ఫణిగిరి వంటి స్థలాల శాసనాలకు అందులో క్రమసంఖ్యలు, పూర్వ సంపాదకుల పాఠాంతరాలు, అనువాదాలు ఉన్నాయి.

లిప్యంతరీకరణను సరిచూసుకోవడానికి మూల లిపి కూడా అందుబాటులో ఉండాలి. ఇందుకు భట్టిప్రోలు మంచి నిదర్శనం. అలెగ్జాండర్ రే తవ్వకాలలో దొరికిన అక్కడి ధాతుపేటికల లేఖనాలను బ్యూలర్ ఎపిగ్రాఫియా ఇండికా రెండవ సంపుటంలో ప్రకటించాడు. మిగిలిన చోట్ల బ్రాహ్మిలో దీర్ఘమైన ఆకారాన్ని సూచించే గీత, భట్టిప్రోలు లిపిలో హ్రస్వమైన అకారాన్ని సూచిస్తుంది. దీర్ఘానికి మరొక గుర్తు ఉంది. ఈ సంగతి తెలియక చదివితే ప్రతి పదమూ తప్పుతుంది. 2010లో బ్రాహ్మి లిపి యూనికోడ్‌లో చేరినప్పుడు భట్టిప్రోలు ఆకార చిహ్నానికి ప్రత్యేక స్థానం లభించింది. ఇప్పుడు ఆ లేఖనాన్ని బొమ్మగా కాక పాఠంగానే భద్రపరచవచ్చు.

తెలుగు అచ్చు

తెలుగు లిపికి యూనికోడ్‌లో 1991 నాటి తొలి ప్రతి నుండే చోటుంది. అయినా మన ముద్రణరంగంలో చాలాకాలం యూనికోడేతర ఖతులే రాజ్యమేలాయి. వాటిలో కూర్చిన పుస్తకం కాగితం మీద అందంగానే ఉంటుంది; ఫైలులో మాత్రం అది తెలుగు కాదు, ఆ ఖతి ఉంటే తప్ప అర్థంకాని సంకేతాల వరుస. ఇటువంటి ఫైళ్లు మన దగ్గర ఉన్నవాటిని మార్పిడి సాధనాలతో యూనికోడ్‌లోకి తెచ్చి, మూలంతో అక్షరమక్షరం సరిచూడడం అత్యవసరం. మార్పిడిలో సంయుక్తాక్షరాలు, అరసున్నలు, పాళి ళకారాలు తరచు దెబ్బతింటాయి.

పాఠం యూనికోడ్‌లో ఉంటే అచ్చుపుట తయారీకి స్వేచ్ఛా సాధనాలు ఉన్నాయి. జీటెక్ వంటి కూర్పు వ్యవస్థలు తెలుగు సంయుక్తాక్షరాలను, రోమన్ లిపిలోని పాళి విశేష చిహ్నాలను ఒకే పుటలో నిర్వహించగలవు. పేజ్డ్ జేఎస్ వెబ్ పుటను పుటసంఖ్యలు, శీర్షపంక్తులతో కూడిన పుస్తకంగా మారుస్తుంది. మండలి, సూరన్న, రామభద్ర వంటి తెలుగు ఖతులు స్వేచ్ఛా లైసెన్సుతో లభిస్తున్నాయి.

అచ్చుపుస్తకం మాత్రమే ఉన్న పాత గ్రంథాలకు తెలుగు వికీసోర్స్ పద్ధతి అనువైనది. అక్కడ ఎడమవైపు పాఠం, కుడివైపు స్కాను పుట కనిపిస్తాయి. దిద్దని పుట ఎరుపు. ఒకరు దిద్దితే పసుపు. వేరొకరు మళ్లీ సరిచూస్తేనే పచ్చ. దిద్దినవారే ఆమోదించలేరు. ఈ చిన్న నియమమే ఆ పాఠానికి విశ్వసనీయతను ఇస్తుంది.

బాధ్యత ఎవరిది?

అందరికీ తలుపు తెరిస్తే పాఠం పాడవదా అని సంఘంలోని పెద్దలు సందేహించడం సహజం. ప్రతిపాదించే హక్కు అందరిదీ, స్వీకరించే బాధ్యత కొందరిదీ అయితే ఆ భయం ఉండదు. గ్రీకు పాపిరస్ పత్రాల సంపాదకులు ఈ ఏర్పాటునే అనుసరిస్తున్నారు. ఎవరైనా సవరణ పంపవచ్చు. సంపాదక మండలి పరిశీలించి ఓటు వేసిన తర్వాతనే అది పాఠంలో చేరుతుంది. పంపినవారి పేరు నిలిచిపోతుంది. పాళి పాఠానికి భిక్షువులు, శాసనాలకు లిపిశాస్త్రజ్ఞులు ఇట్లాంటి మండలిగా ఉండవచ్చు.

హక్కుల విషయం కూడా ముందే తేల్చుకోవాలి. భారతీయ చట్టం ప్రకారం రచయిత జీవితకాలంలో ప్రచురితమైన గ్రంథంపై ఆయన మరణానంతరం 60 ఏళ్ల వరకు హక్కు ఉంటుంది. ప్రాచీన శాసనంపై ఎవరికీ రచనాహక్కు లేకపోయినా, దాని ఛాయాచిత్రంపై, ఆధునిక అనువాదంపై ఉండవచ్చు. సాఫ్ట్‌వేర్ ఎస్టాంపేజీని చదవదనీ, రెండు పాఠాంతరాలలో ఏది సాధువో నిర్ణయించదనీ గుర్తుంచుకోవాలి. ఆ నిర్ణయం ఎవరు తీసుకున్నారో మరుగున పడకుండా చూడడమే దాని పని.

ముద్రణ అవసరం దీనివల్ల తగ్గదు. విహారంలో పఠనానికీ, విద్యుత్తు లేని చోటికీ, శాశ్వతమైన ఉద్ధరణకూ అచ్చుప్రతి కావాలి. అయితే ప్రతి ముద్రణపైనా అది ఏ తేదీ నాటి పాఠమో సంఖ్యతో తెలపాలి. అప్పుడు ముద్రణల మధ్య తేడాలను ఎవరైనా తెలుసుకోగలరు.

చిన్న సంస్థలు పెద్ద సంకలనంతో మొదలుపెట్టనక్కర లేదు. ఒకే సుత్తాన్నో, ఒక స్థలంలోని పది పన్నెండు శాసనాలనో తీసుకొని యూనికోడ్‌లో రాయడం, ఖండాలకు సంఖ్యలివ్వడం, పాఠాంతరాలను వేరుగా ఉంచడం, ఇద్దరు వేర్వేరుగా సరిచూడడం, చివరగా చిన్న పుస్తకంగా అచ్చువేయడం ఒక ఏడాదిలో కాగల పని. అనుభవజ్ఞులైన పండితుల సొంత ప్రతుల అంచులలో ఉన్న పెన్సిలు సవరణలను వారి సమక్షంలోనే ముందుగా నమోదు చేయాలి. పుస్తకాన్ని ఎప్పుడైనా అచ్చువేయవచ్చు. ఆ సవరణలను వివరించగలవారు మాత్రం ఎల్లకాలం ఉండరు.