ఇంటి ఫ్రీజర్‌లో ఆహార భద్రత: గడ్డకట్టక ముందు, కరిగిన తరువాత

వేసవి మధ్యాహ్నం ఆగిపోయిన విద్యుత్ సరఫరా రాత్రికి గానీ తిరిగి రాలేదనుకుందాం. ఆ వ్యవధిలో ఫ్రీజర్‌లోని కోడిమాంసం పొట్లం మెత్తబడి, తెల్లవారేసరికి మళ్లీ రాయిలా గట్టిపడుతుంది. ఉదయం దానిని బయటకు తీసిన గృహిణికి అది నిన్నటి పొట్లంలాగానే కనిపిస్తుంది. మధ్యలో జరిగిన మార్పు రంగులో గానీ, వాసనలో గానీ తెలియకపోవచ్చు. గ్రామాలలో సైతం రిఫ్రిజిరేటర్ సాధారణ ఉపకరణంగా మారిన ఈ రోజుల్లో ‘ఫ్రీజర్‌లో ఉంది కనుక భయం లేదు’ అనే నమ్మకాన్ని సరిదిద్దవలసిన అవసరం ఉంది. ఫ్రీజర్ ఆహారాన్ని ఉన్న స్థితిలో నిలిపి ఉంచుతుందే తప్ప, చెడిన దానిని బాగుచేయదు.

ఫ్రీజర్ చేసే పని

మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ వద్ద ఆహారంలోని నీటిలో అధికభాగం మంచుగా మారుతుంది. సూక్ష్మజీవులకు వినియోగించుకొనదగిన నీరు లభించక వాటి పెరుగుదల ఆగిపోతుంది. అయితే బాక్టీరియాలో చాలా భాగం చనిపోక, నిద్రాణస్థితిలో మిగులుతుంది. ఆహారం కరగగానే అవి తిరిగి వృద్ధి చెందుతాయి. అంతకుముందే ఏర్పడిన విషపదార్థాలపై చలి ప్రభావం ఉండదు. ఉదాహరణకు కానాగంతలు, సూర వంటి సముద్రపు చేపలను పట్టిన వెంటనే మంచులో ఉంచకపోతే వాటిలో హిస్టమిన్ ఏర్పడుతుంది. దానిని ఫ్రీజర్ గానీ, వంట గానీ తొలగించలేవు. కనుక భద్రత అనేది పొట్లం ఫ్రీజర్‌లోకి చేరకముందే మొదలవుతుంది.

వేగంగా గడ్డకట్టాలి

సున్నా డిగ్రీల వద్ద ఉన్న కిలో నీటిని మంచుగా మార్చడానికి సుమారు 334 కిలోజౌళ్ల వేడిని తొలగించాలి. కిలో నీటిని 80 డిగ్రీల నుంచి సున్నాకు చల్లబరచడానికి కూడా దాదాపు అంతే వేడిని తీయవలసి ఉంటుంది. మాంసంలో సుమారు 70 నుంచి 75 శాతం నీరే ఉన్నందున, బక్రీదు వంటి పండుగల సమయంలో ఎక్కువ మాంసాన్ని ఒకేసారి నింపితే చిన్న ఫ్రీజర్ ఆ భారాన్ని మోయలేదు. మధ్యనున్న పొట్లాలు గంటల తరబడి గడ్డకట్టకుండా ఉంటాయి. పైగా నెమ్మదిగా గడ్డకట్టినప్పుడు ఏర్పడే పెద్ద మంచు స్ఫటికాలు కణజాలాన్ని చీల్చడం వలన, కరిగించేటప్పుడు రసం కారిపోయి మాంసం పీచుగా మారుతుంది.

అందువలన మాంసాన్ని అరకిలో చొప్పున, పలుచగా పరచిన పొట్లాలుగా కట్టాలి. 100 లీటర్ల ఫ్రీజర్‌లో రోజుకు 3 నుంచి 4 కిలోల కొత్త ఆహారానికి మించి ఉంచరాదు. పొట్లంలోని గాలిని వీలైనంత తొలగించాలి. లేనిచో పైపొరలోని మంచు నేరుగా ఆవిరై, ఆ భాగం ఎండి తెల్లబడుతుంది. దీని వలన నాణ్యత తగ్గుతుంది కానీ ఆహారం హానికరం కాదు. వండిన పదార్థాలను వెడల్పాటి పాత్రలో చల్లార్చి 2 గంటలలోపు, 32 డిగ్రీలు దాటే వేసవిలో గంటలోపు లోపల ఉంచాలి.

నక్షత్రాలతో జాగ్రత్త

రిఫ్రిజిరేటర్ తలుపుపై అతికించిన లేబుల్‌లోని నక్షత్రాలు విద్యుత్ పొదుపునకు సంబంధించినవి. అవి ఫ్రీజర్ ఉష్ణోగ్రతను తెలుపవు. ఫ్రీజర్ అరపై ముద్రించే నక్షత్రాలు వేరు. వాటిలో ఒకటి మైనస్ 6, రెండు మైనస్ 12, మూడు మైనస్ 18 డిగ్రీలను సూచిస్తాయి. మంచు ముక్కలు తయారవుతున్నంత మాత్రాన ఆ అర నెలల తరబడి నిల్వకు తగినదని భావించరాదు. ఫ్రీజర్ థర్మామీటర్‌తో పరీక్షించుకోవడం ఉత్తమం.

ఎంతకాలం?

మైనస్ 18 డిగ్రీల వద్ద కూడా ఎంజైముల చర్య, కొవ్వుల ఆక్సీకరణ నెమ్మదిగా కొనసాగుతాయి. కొవ్వు అధికంగా ఉండే పులస వంటి చేపలను 2 నుంచి 3 నెలలలోపు, కొవ్వు తక్కువగా ఉండే కొరమీను వంటి వాటిని సుమారు 6 నెలలలోపు వాడుకోవాలి. కోడిమాంసం ముక్కలు 9 నెలలు, ఖీమా 3 నుంచి 4 నెలలు, వండిన కూరలు 2 నుంచి 3 నెలలు రుచి చెడకుండా నిలుస్తాయి.

కూరగాయలలో ఎంజైములను నిర్వీర్యం చేయడానికి మరిగే నీటిలో కొద్దిసేపు ఉంచి తీయాలి. దీనిని బ్లాంచింగ్ అంటారు. పచ్చి బఠాణీలకు ఒకటిన్నర నిమిషం, బీన్స్‌కు 3 నిమిషాలు సరిపోతుంది. వెంటనే మంచునీటిలో చల్లార్చి, తడి ఆరిన తరువాత పొట్లం కట్టాలి.

కరిగించడంలో మెలకువలు

ఉదయం మాంసాన్ని వంటగట్టుపై ఉంచి మధ్యాహ్నం వండే అలవాటు ప్రమాదకరం. లోపల గడ్డగా ఉండగానే పైభాగం గది ఉష్ణోగ్రతకు చేరి, బాక్టీరియా వేగంగా పెరుగుతుంది. ముందురోజు రాత్రే పొట్లాన్ని గిన్నెలో ఉంచి రిఫ్రిజిరేటర్ కింది అరలోకి మార్చాలి. తొందరైతే నీరు చొరబడని సంచిలో ఉంచి చన్నీటిలో ముంచి, ప్రతి అరగంటకు నీరు మార్చి, కరగగానే వండాలి. గది ఉష్ణోగ్రతలో కరిగిన దానిని తిరిగి గడ్డకట్టించరాదు.

విద్యుత్ అంతరాయం – నాణెం పరీక్ష

తలుపు తెరవకుండా ఉంటే, నిండుగా ఉన్న విడి ఫ్రీజర్ సుమారు 48 గంటలు, సగం నిండినది 24 గంటలు చలిని నిలుపుకుంటుంది. రిఫ్రిజిరేటర్‌లోని చిన్న అర అంతసేపు నిలుపుకోలేదు. పొట్లాలలో మంచు ఇంకా మిగిలి ఉంటే తిరిగి గడ్డకట్టించవచ్చు. పూర్తిగా కరిగి 2 గంటలకు మించి వెచ్చబడిన మాంసం, చేపలు, వండిన పదార్థాలను పారవేయాలి. రుచి చూసి నిర్ణయించరాదు.

ఇంట్లో ఎవరూ లేనప్పుడు జరిగినది తెలుసుకునేందుకు ఒక సులభమైన మార్గం ఉంది. చిన్న గిన్నెలో నీటిని గడ్డకట్టించి, దానిపై ఒక నాణెం ఉంచి ఫ్రీజర్‌లో వదలాలి. తిరిగి చూసేసరికి నాణెం పైననే ఉంటే కరగడం స్వల్పం. అడుగుకు చేరి ఉంటే మంచు అంతా కరిగి మళ్లీ గడ్డకట్టిందని అర్థం.

కృషి విజ్ఞాన కేంద్రాల గృహవిజ్ఞాన శాస్త్రవేత్తలు శిక్షణ కార్యక్రమాలలో ఈ నాణెం పరీక్షను ప్రదర్శించి, ప్రతి పొట్లంపై తేదీ వ్రాసే అలవాటును ప్రోత్సహించాలి. గడ్డకట్టిన పొట్లం తనకేమి జరిగిందో చెప్పలేదు. ఆ సంగతి తెలిపే నాణెం, తేదీ చీటీ ప్రతి ఇంటి ఫ్రీజర్‌లో ఉండాలి.