ఇంటి కంప్యూటర్‌కు రెండో మెదడు: ఖర్చు ఎక్కడ ఆగుతుంది?

న్యూఢిల్లీ: ఇంటి కంప్యూటర్ మందగించిందని, ప్రాసెసర్ మార్పిస్తే సరిపోతుందని భావించి దక్షిణ ఢిల్లీలోని నెహ్రూ ప్లేస్‌కు వచ్చేవారికి అక్కడ మొదట ఎదురయ్యే ప్రశ్న ప్రాసెసర్ గురించి కాదు. మదర్‌బోర్డ్ ఏది, ఎప్పుడు కొన్నది అని దుకాణదారు అడుగుతాడు. కొనుగోలుదారుకు ఈ ప్రశ్న అసందర్భంగా తోచవచ్చు. అయితే జేబులోంచి బయటకు వచ్చే సొమ్ము మూడు వేలా, పాతిక వేలా అన్నది తేల్చేది దాని సమాధానమే. రెండు కోర్ల ప్రాసెసర్లు మార్కెట్లోకి వచ్చిన 2005లో ఈ సంగతి ఎన్నో కుటుంబాలకు ఆలస్యంగా బోధపడింది. ఇరవయ్యేళ్లు దాటిన తరువాత, ఆ రెండు కోర్ల యంత్రాలే పాతబడి తిరిగి అదే మార్కెట్‌కు చేరుతున్నప్పుడు, మళ్లీ అదే ప్రశ్న తలెత్తుతోంది.

ఢిల్లీ అభివృద్ధి సంస్థ 1970 దశకంలో కార్యాలయాల కోసం నిర్మించిన ఈ సముదాయం కాలక్రమంలో దేశంలోనే పేరెన్నికగన్న కంప్యూటర్ విపణిగా మారింది. తెలుగు పాఠకులకు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఎటువంటిదో, ఉత్తరాది వినియోగదారులకు నెహ్రూ ప్లేస్ అటువంటిది. పరిమాణంలో మాత్రం చాలా పెద్దది. పెద్ద కంపెనీల ముద్ర ఉన్న కంప్యూటర్ కొనలేని మధ్యతరగతి ఉద్యోగి ఇక్కడ విడిభాగాలను ఒక్కొక్కటిగా బేరమాడి, అక్కడికక్కడే బిగించుకుని, డబ్బాను ఆటోలో పెట్టుకుని ఘజియాబాద్‌కో, నోయిడాకో తీసుకుపోయేవాడు. 2010 అక్టోబరులో మెట్రో వచ్చిన తరువాత ఆటో బాధ కొంత తగ్గింది.

2005 సంవత్సరం ఈ వ్యాపారానికి పలు విధాల మలుపు. ప్రపంచ వాణిజ్య సంస్థ ఆధ్వర్యంలోని సమాచార సాంకేతిక ఒప్పందంలో భారత్ 1997లో చేరింది. దాని ప్రకారం కంప్యూటర్లు, విడిభాగాలపై దిగుమతి సుంకం దశలవారీగా తగ్గి 2005 నాటికి తొలగిపోయింది. ఆ ఏప్రిల్‌లోనే ఢిల్లీలో అమ్మకం పన్ను స్థానంలో వ్యాట్ అమలులోకి వచ్చింది. నోయిడా కేంద్రంగా పనిచేసే హెచ్‌సీఎల్ అదే ఏడాది పదివేల రూపాయల లోపు ధరకు ఒక కంప్యూటర్‌ను విడుదల చేసింది. సరిగ్గా ఆ రోజుల్లోనే, మే నెలాఖరులో, ఇంటెల్ ‘పెంటియం డి’ని, ఏఎండీ ‘అథ్లాన్ 64 ఎక్స్2’ను ప్రవేశపెట్టాయి. పెంటియం డి శ్రేణిలో అన్నిటికన్నా చవకైన 820 రకానికి కంపెనీ ప్రకటించిన టోకు ధర 241 డాలర్లు. డాలర్‌కు సుమారు 44 రూపాయలున్న ఆ కాలంలో అది దాదాపు పదిన్నర వేలు. అథ్లాన్ ఎక్స్2లో తొలినాటి చవక రకం 537 డాలర్లు, అంటే ఇరవై మూడు వేల పైమాటే. ఒక్క ప్రాసెసర్ ధరకే పూర్తి కంప్యూటర్ వచ్చే పరిస్థితి అన్నమాట.

అసలు ఒక చిప్‌లో రెండు కోర్లు ఎందుకు పెట్టవలసి వచ్చింది? వేగం పెంచే పాత మార్గం మూసుకుపోవడమే కారణం. అంతవరకు ప్రాసెసర్ గడియార వేగాన్ని ఏటేటా పెంచుతూ వచ్చిన ఇంటెల్, 3.8 గిగాహెర్ట్జ్ వద్ద ఆగిపోయింది. 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4ను తీసుకురాబోమని 2004 అక్టోబరులో ప్రకటించింది. వేగం పెంచేకొద్దీ విద్యుత్తు, వేడి అదుపు తప్పుతుండటమే ఇందుకు కారణం. మే, జూన్ నెలల్లో 45 డిగ్రీలకు చేరే ఢిల్లీ ఎండల్లో, ఏసీ లేని గదిలో, వంద వాట్లకు పైగా వేడిని వెలువరించే చిప్ ఎంత ఇబ్బంది పెడుతుందో అనుభవించినవారికే తెలుసు. ఒకే కోర్‌ను పరుగెత్తించే బదులు, మితమైన వేగంతో నడిచే రెండింటిని పక్కపక్కన పెట్టడం కంపెనీలు ఎంచుకున్న దారి. విచిత్రమేమిటంటే, పెంటియం డి కూడా వేడి తక్కువ సరుకేమీ కాదు. దాని చవక రకమే 95 వాట్లది. ఈ సమస్య చాలావరకు తీరింది 2006 జూలైలో 65 వాట్ల కోర్ 2 డ్యుయో వచ్చిన తరువాతనే.

ఇక మదర్‌బోర్డ్ ముచ్చట. పెంటియం 4తో కొన్న 915 చిప్‌సెట్ బోర్డుల సాకెట్‌లో పెంటియం డి చక్కగా కూర్చుంటుంది. కూర్చుంటుంది గానీ పనిచేయదు. 945 లేదా 955 చిప్‌సెట్ ఉండవలసిందే. అంతకుముందు తరానికి చెందిన 478 సాకెట్ బోర్డులున్నవారికి బోర్డుతోపాటు మెమరీ, ఒక్కోసారి గ్రాఫిక్స్ కార్డు కూడా మార్చుకోక తప్పలేదు. ఏఎండీ వినియోగదారుల్లో 939 సాకెట్ బోర్డులున్నవారు అదృష్టవంతులు. బయాస్‌ను సరికొత్తగా మార్చుకుంటే చాలామందికి పాత బోర్డే సరిపోయింది. 754 సాకెట్ కొన్నవారికి ఆ సౌకర్యం లేదు. బిగించిన తరువాత మరో చిక్కు: ఒక కోర్ ఉన్నప్పుడు ఎక్కించిన విండోస్ ఎక్స్‌పీ కొన్ని యంత్రాల్లో రెండో కోర్‌ను గుర్తించేది కాదు. టాస్క్ మేనేజర్‌లో రెండు గీతలకు బదులు ఒక్కటే కనిపించేది. విండోస్‌ను మళ్లీ ఎక్కించవలసి వచ్చేది.

ఇంత ఖర్చుకు ప్రతిఫలం ఏమిటన్నది అసలు విషయం. ఒకేసారి పలు పనులు చేయడం కంప్యూటర్‌కు కొత్త కాదు. కోర్ ఒక్కటే అయినా, ఒక్కో ప్రోగ్రామ్‌కు సెకనులో కొన్ని వేలవ వంతుల సమయం వంతులవారీగా కేటాయిస్తూ, అన్నీ కలిసి నడుస్తున్న భ్రమను కల్పిస్తుంది. వైరస్ తనిఖీ వంటి బరువైన పని మొదలైతే ఆ భ్రమ చెదిరిపోతుంది. మౌస్ కదలడం మానేస్తుంది. రెండో కోర్ నిజంగా అక్కరకు వచ్చేది ఇక్కడే. ఒకటి తనిఖీలో మునిగి ఉన్నా, మరొకటి ఉత్తరం టైపు చేసుకోనిస్తుంది. పెళ్లి వీడియోను సీడీకి ఎక్కిస్తూనే లెక్కల పట్టిక తెరవవచ్చు.

అయితే రెండు కోర్లంటే రెట్టింపు వేగమని కొందరు అమ్మకందారులు చెప్పిన మాట సరికాదు. జీన్ ఆమ్‌డాల్ అనే కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు 1967లోనే దీని లెక్క తేల్చాడు. పది నిమిషాల పనిలో సగం మాత్రమే రెండుగా విభజించడానికి వీలైతే, రెండు కోర్లున్నా ఆ పనికి ఏడున్నర నిమిషాలు పడుతుంది. ఆనాటి ప్రోగ్రాములు అనేకం అసలు విభజనకు వీలుగా రాసినవే కావు. పైగా మెమరీ చాలకపోతే ఎన్ని కోర్లున్నా ప్రయోజనం స్వల్పం. ఇద్దరు వంటవాళ్లను పెట్టుకున్నా సామాన్ల గది తలుపు ఒక్కటే, అదీ ఇరుకైనదైతే, ఇద్దరూ గుమ్మం దగ్గరే నిలబడతారు. 256 మెగాబైట్ల మెమరీతో నాలుగు ప్రోగ్రాములు తెరిస్తే, మిగిలినదంతా హార్డ్ డిస్క్‌లో దాచి తీయవలసి వస్తుంది. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్క్ కూడా చెల్లాచెదరుగా ఉన్న సమాచారాన్ని సెకనుకు వందసార్ల లోపే అందించగలదు. 2007 జనవరిలో విండోస్ విస్టా వచ్చి, కనీసం 512 మెగాబైట్లు, హంగులతో కావాలంటే ఒక గిగాబైట్ మెమరీ కోరేసరికి ఈ లోటు ఇంటింటా బయటపడింది. ప్రాసెసర్‌కు పెట్టిన సొమ్ములో నాలుగో వంతు మెమరీకి పెట్టి ఉంటే ఎక్కువ ఫలితం దక్కి ఉండేదన్నది ఈ రచయిత అభిప్రాయం.

విద్యుత్ సరఫరా పెట్టె గురించి ఎవరూ అడగరు. ‘450 వాట్స్’ అని చీటీ అంటించిన చవక పెట్టెలు అందులో ఎంత అందించేవో చీటీ చెప్పదు. ఆ పెట్టె ఒత్తిడికి తట్టుకోలేక యంత్రం దానంతట అదే ఆగిపోతుంటే, నింద మాత్రం కొత్త ప్రాసెసర్ మీద పడేది.

ఇప్పటి సంగతికి వస్తే, లెక్క కొంత తిరగబడింది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత భద్రతా మార్పులను 2025 అక్టోబరు 14తో నిలిపివేసింది; కోరుకున్న గృహ వినియోగదారులకు మరో ఏడాది అదనపు రక్షణ కల్పించింది. విండోస్ 11కు రెండు కోర్లు చాలునని నిబంధనల్లోనే ఉన్నది. కానీ ఇంటెల్ ప్రాసెసర్లలో సాధారణంగా ఎనిమిదో తరం, ఆపైవి మాత్రమే ఆమోదిత జాబితాలో చేరాయి. దీనికితోడు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు తప్పనిసరి. డెస్క్‌టాప్ ఐ3 ప్రాసెసర్లు ఏడో తరం వరకు రెండు కోర్లవే. నాలుగు కోర్ల ఐ3 వచ్చింది 2017 అక్టోబరులో, ఎనిమిదో తరంతోనే. కాబట్టి ఢిల్లీ ఇళ్లలోని రెండు కోర్ల ఐ3 డెస్క్‌టాప్‌లు, కోర్ 2 డ్యుయోలు నిబంధనలోని కోర్ల లెక్కలో అర్హమై, జాబితాలో అనర్హమయ్యాయి. ఇటువంటి యంత్రానికి ఆ సాకెట్‌లో పట్టే నాలుగు కోర్ల పాత ప్రాసెసర్‌ను కొని బిగించినా ఈ అడ్డంకి తొలగదు.

ఉత్తరాలు, బ్యాంకు పనులు, పిల్లల చదువుకు వాడుకునే యంత్రమైతే హార్డ్ డిస్క్ స్థానంలో ఎస్ఎస్‌డీ అమర్చడం అన్నిటికన్నా మేలైన మార్పు. సెకనుకు వందసార్ల లోపు అందేది వేలసార్లకు పెరుగుతుంది. పాత బోర్డుల సాటా తీగకే అది పట్టుతుంది. విండోస్ వద్దనుకునేవారికి సీ-డాక్ రూపొందించిన బాస్ లినక్స్ వంటివి ఉన్నాయి. మెమరీ విషయంలో మాత్రం చిక్కు వచ్చిపడింది. కృత్రిమ మేధ కేంద్రాల గిరాకీ వల్ల 2025 ద్వితీయార్ధంలో మెమరీ ధరలు ప్రపంచమంతటా విపరీతంగా పెరిగాయి. గృహ వినియోగదారులకు ‘క్రూషియల్’ పేరుతో అమ్మే వ్యాపారం నుంచి వైదొలగుతున్నట్టు ఆ డిసెంబరులో మైక్రాన్ ప్రకటించింది. అదే నెలలో డాలర్ విలువ 90 రూపాయలు దాటింది. కొత్త యంత్రం కొందామనుకున్నవారు పాతదానికే మరమ్మతు చేయించుకోవడానికి ఇది ఒక కారణం.

మార్చివేసిన భాగాలు ఎక్కడికి పోతాయి? పనికొచ్చేవి నెహ్రూ ప్లేస్‌లోనే పాత సరుకుగా మళ్లీ అమ్ముడవుతాయి. పనికిరానివాటిలో అధికభాగం ఈశాన్య ఢిల్లీలోని సీలంపూర్‌కు చేరుతుంది. అక్కడ సుత్తి, శ్రావణాలతో బోర్డులను విడదీస్తారు. రాగి, బంగారం తీయడానికి ఆమ్లంతో కడిగే పని మొరాదాబాద్ వరకు సాగిన సంగతి పలుమార్లు వెలుగులోకి వచ్చింది. ఎలక్ట్రానిక్ వ్యర్థాలపై తొలి ప్రత్యేక నిబంధనలు 2012 మేలో అమలులోకి వచ్చాయి. 2023 ఏప్రిల్ నుంచి అమలైన కొత్త నిబంధనలు పాత యంత్రాలను బాగుచేసి అమ్మేవారిని కూడా కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వద్ద నమోదు చేసుకోవాలని ఆదేశిస్తున్నాయి. పాత ప్రాసెసర్ కొనేవారు బిల్లుపై దాని క్రమసంఖ్య రాయించుకోవడం అవసరం. ఇంటెల్ డబ్బాలో వచ్చే కొత్త ప్రాసెసర్లకు మూడేళ్ల హామీ ఉంటుంది. ట్రేలో విడిగా వచ్చేవాటికి హామీ అమ్మిన దుకాణం నుంచే.