స్నేహితురాలు ఇల్లు మారితే

ఈమధ్య మా స్నేహితురాలు పెరడున్న పాత ఇల్లు వదిలి మూడో అంతస్తులోని ఫ్లాటుకి మారింది. సాయానికి వెళ్ళాను. "మిక్సీ ఉందిగా, ఈ రోలెందుకే?" అనేశాను. ఆమె మాట్లాడలేదు. రోలు మీద చెయ్యివేసి కూర్చుండిపోయింది. వాళ్ళత్తగారిదట! నాలిక కరుచుకున్నాను. ఆ రోలిప్పుడు బాల్కనీలో తులసికుండీ పక్కన ఉంది.

అంచేత సోదరీమణులారా, ఏది ఉంచాలో ఏది పారెయ్యాలో ఆవిడకే వదిలెయ్యండి. మీరు వంటిల్లు చూసుకోండి, చాలు. ఆవకాయ జాడీలకు వాసెన కట్టి చేత్తోనే తీసుకెళ్ళండి. 14.2 కిలోల గ్యాసు సిలిండరుకు రెగ్యులేటరు తీసి, మూత బిగించి, నిలబెట్టే తరలించాలి. ఈ గ్యాసు గాలికంటే బరువు. కారితే నేలబారుగా పేరుకుంటుంది. కొత్తచోట బిగించాక సబ్బునీళ్ళు రాసి బుడగలొస్తాయేమో చూడండి. అగ్గిపుల్ల గీసి మాత్రం చూడకండి! ఫ్రిజ్‌ను పడుకోబెట్టి తెస్తే, కొన్ని గంటలు నిలబెట్టి ఉంచాకే స్విచ్ వెయ్యాలి.

పాలగిన్నె, కాఫీపొడి, పంచదార, అగ్గిపెట్టె ఒక సంచిలో వేసి మీ దగ్గరే ఉంచుకోండి. పాలు పొంగించాక మొదటి కాఫీ కలిపి ఆవిడ చేతికివ్వండి. సామాను మధ్య కూలబడ్డ మనిషికి ఆ పూట కావలసింది అదే. ఉంటానండీ.