ఒక్కదానికి ఖోలీ

షోలాపూరు నుంచి పూణెకు నౌకరికి పోయే మన పిల్లలు ఎక్కువమంది దిగేది హడప్సర్‌లోనే. షోలాపూర్ రోడ్డు పూణెలోకి పోయే దారి అదే. బస్సు అక్కడే ఆగుతది, రిక్షా ఖర్చు మిగులుతది. వెనక వచ్చినవాళ్లు ముందు పోయినవాళ్ల గల్లీలోనే ఖోలీ వెతుక్కుంటరు. మన తాతలు తెలంగాణ నుంచి వచ్చి గిర్ణీల చుట్టూ ఎట్ల జేరిండ్రో, మేము ఇక్కడ ఐటీ కంపెనీల చుట్టూ, దవాఖానాల చుట్టూ అట్లనే జేరుతున్నం.

అయితే వాళ్లు మగ్గం సుద్ద కుటుంబంతో నడిచిన మనుషులు. మాది ఒంటి బతుకు. పెళ్లి కాని పిల్ల, పెళ్లాం ఊర్లో ఉన్న మొగోడు, విడిపోయి వచ్చిన ఆడమనిషి, ఇల్లిచ్చేవాళ్ల లెక్కల ముగ్గురి పేరూ ఒక్కటే: బ్యాచిలర్.

మా అమ్మకు సొంత ఇల్లున్నది. బీడీలు చేసి చేసి కుంభారిలో గోదూతాయి పరుళేకర్ వసాహత్‌లో తెచ్చుకున్న ఇల్లు. నర్సయ్య ఆడం మాస్టర్ ముందుండి కొట్లాడితే బీడీ కార్మికులకు వచ్చిన 10,000 ఇండ్లలో అదొకటి. 2006లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి వాటిని కార్మికులకు అప్పజెప్పిండు. తర్వాత ఆ పక్కనే రే నగర్ లేచింది, 2024 జనవరిలో 15,000 ఇండ్లు ఇచ్చిండ్రు. తల్లులు ఇంటి మాలకులైండ్రు. వాళ్ల బిడ్డలం పూణెలో డిపాజిట్ పట్టుకొని గడపలు ఎక్కి దిగుతున్నం. అక్కడ ఇల్లున్నది, నౌకరి లేదు. ఇక్కడ నౌకరి ఉన్నది, ఇల్లు లేదు.

నేను ఒక దవాఖానాలో ల్యాబ్ టెక్నీషియన్‌ను. మొదటి రెండేండ్లు కాట్ బేసిస్ మీద ఉన్న. పూణెలో అట్లనే అంటరు: ఖోలీ కిరాయి కాదు, మంచం కిరాయి. ఒక ఖోలీలో నాలుగు మంచాలు, ఒక ఇనుప కపాటు, బాత్రూం ముందు లైను. వెనకట గిర్ణీ కార్మికులు ఒకే ఖోలీలో పాళీ లెక్కన పండుకునేటోళ్లని నాయిన చెప్పేటోడు. పగటి పాళీవాడు లేస్తే రాత్రి పాళీవాడు అదే బొంతల ఒరిగేటోడట. మాకు మంచమన్నా ఎవరిది వాళ్లకే. కాని నైట్ డ్యూటీ చేసి పొద్దుగాల వచ్చి పండుకుందామంటే ముగ్గురు అప్పుడే లేచి డబ్బాలు కట్టుకుంటుంటరు. నిద్ర లేక తప్పుడు రిపోర్టు ఇస్తనేమోనని భయమైంది. అందుకే ఒక్కదానికే ఖోలీ కావాలనుకున్న.

అమ్మ తన భిశీ ఎత్తి 40,000 పంపింది. “పోగొట్టకు బిడ్డా, ఇది తమ్ముని చదువుకు పెట్టుకున్నది, వాడు డిప్లొమాల జేరేనాటికి మళ్ల కావాలె” అన్నది. ఆ మాట నెత్తిమీద మూటలెక్క పెట్టుకొని తిరిగిన.

ఏజెంటు పదకొండు ఇండ్లు చూపించిండు. అందరి ప్రశ్నలు ఒక్క తీరుగనే ఉంటయి. ఒక్కదానివేనా? ఎవరెవరు వస్తరు? మాంసం వండుతవా? రాత్రి ఎన్ని గంటలకు వస్తవు? ఇంటిపేరు విని “మద్రాసీలా?” అని అడిగినవాళ్లూ ఉన్నరు. షోలాపూరులోనే పుట్టిన, మరాఠీ బళ్లనే చదివిన అని చెప్తే కొంచెం మెత్తబడేటోళ్లు. నైట్ డ్యూటీ అనంగనే మళ్ల మొఖం మారేది. అర్ధరాత్రి ఆడపిల్ల బయటికి పోతే బిల్డింగు పేరు చెడతదట. అదే బిల్డింగుల వాళ్లకు జ్వరమొస్తే రాత్రి రక్తం పరీక్ష చేసేది ఎవరో మరి!

ఎనిమిది ఇండ్లవాళ్లు నేరుగా వద్దన్నరు. రెండు చోట్ల కిరాయి పెంచి చెప్పిండ్రు. పదకొండోది గావ్‌ఠాణ్‌లో మూడో అంతస్తు, వన్ ఆర్‌కే. నెలకు 8,500, డిపాజిట్ 40,000, ఏజెంటుకు ఒక నెల కిరాయి. కాకూ అడిగిన ఒకే ఒక్క ప్రశ్న, “పొద్దుగాల ఆరింటికి నీళ్లొస్తయి, పట్టుకునేటందుకు ఉంటవా?” అని. ఉంట అన్న.

అసలు పని ఇక్కడ మొదలైతది. కాకా అన్నడు, “పదకొండు నెలలే గదా పోరీ, నోటరీ చేస్తే అయిపాయె.” మనోళ్లల్ల చానమంది ఇదే నమ్ముతరు. కాని మహారాష్ట్రలో పదకొండు నెలల కాగితమైనా రిజిస్టర్ కావాల్సిందే. 1999 నాటి మహారాష్ట్ర కిరాయి నియంత్రణ చట్టం 55వ సెక్షన్ ఆ మాట చెప్తది. లీవ్ అండ్ లైసెన్స్ రాతలో ఉండాలె, రిజిస్టర్ కావాలె, చేయించే బాధ్యత ఇంటి మాలకుది. చేయించకుంటే మూడు నెలల దాక జైలు, లేదంటే 5,000 దాక జరిమానా, లేదంటే రెండూ. ఇంకొక మాట కూడా అందులో ఉన్నది. రిజిస్టర్ కాని చోట షరతుల మీద తగాదా వస్తే, మాలకు తప్పని రుజువు చేసేదాక, కిరాయిదారు చెప్పిన మాటే నిలుస్తది.

ఇదంతా కాకా మీద చట్టం లెక్క చదివితే ఖోలీ ఇయ్యడు. నేను అన్న, “కాకా, రిజిస్టర్ కాగితం ఉంటేనే నాకు బ్యాంకుల, ఆధార్‌ల ఇక్కడి అడ్రసు ఎక్కుతది. సగం ఖర్చు నేను పెట్టుకుంట.” ఖర్చు పెద్దదేం కాదు. స్టాంపు డ్యూటీ మొత్తం కిరాయి మీద, డిపాజిట్‌కు ఏడాదికి పది శాతం వడ్డీ లెక్కగట్టి దాని మీద, పావు శాతం. రిజిస్ట్రేషన్ ఫీజు కార్పొరేషన్ హద్దులో 1,000. ఏజెంట్లు దీని మీద తమ కూలి కలిపి చెప్తరు కాబట్టి భారమనిపిస్తది. ఇంటికే మిషన్ తెచ్చి వేలిముద్ర తీసుకున్నరు, పోయి లైనుల నిలబడే పని లేదు.

కాగితంల రెండు వాక్యాలు నేను అడిగి రాయించిన. ఒకటి, ఏ పక్కన వాళ్లైనా ఒక నెల ముందు నోటీసు ఇచ్చి ముగించవచ్చని. రెండోది, మామూలు వాడకంతో అయ్యే అరుగుదలకు డిపాజిట్‌లో కోత లేదని, తాళంచెవి ఇచ్చే రోజే డిపాజిట్ వాపసని. కాకా చదివి, “వచ్చేటప్పుడే పోయే ముచ్చట మాట్లాడుతున్నవేంది?” అని నవ్విండు. సామాను పెట్టకముందే ఖోలీ నాలుగు దిక్కులా ఫొటోలు తీసిన. కిటికీ మీద తడి మచ్చ, బాత్రూంల పగిలిన పెంకు, కరెంటు మీటర్ రీడింగు. అన్నీ కాకా ఫోనుకు పంపిన. ఆయన బొటనవేలు గుర్తు పెట్టిండు.

గ్యాసుకు తిప్పలు పడతరని చానమంది అంటరు. ఒంటి మనిషికి అయిదు కిలోల చిన్న సిలిండర్ చాలు. అడ్రసు కాగితం లేకున్నా గుర్తింపు కార్డు చూపిస్తే ఇస్తరు. నాకు నెలంతా వచ్చేది, పచ్చిపులుసుకు పొయ్యితో పనేమున్నది గనుక.

ఒంటిగ ఉన్నవాళ్లకు రోగమొస్తేనే కష్టం. డెంగ్యూ వచ్చి ఆరు రోజులు పడుకున్న. కాకూ మూడు పూటలు జావ కాచి ఇచ్చింది. మొదట నైట్ డ్యూటీకి మూతి ముడిచిన మనిషే. మాలకులందరూ ఒక్క తీరు ఉండరని రాయకపోతే ఆమెకు అన్యాయం చేసినట్టయితది.

నిరుడు కాగితం రెండోసారి నడుస్తుండంగ వేరే దవాఖానాల మంచి జీతం దొరికింది. ఖోలీ విడవాలె. నెల ముందే నోటీసు రాసి రెండు కాపీలు చేసి, ఒకదాని మీద కాకా సంతకం తీసుకున్న. ఆయన సంతకం చేసుకుంటనే అన్నడు, “కొత్త కిరాయిదారు రానీ, వాళ్ల డిపాజిట్ వచ్చినంక నీది ఇస్త. రంగుకు 15,000, నల్లకు 3,000 పట్టుకుంట.”

18,000 అంటే అమ్మ ఎన్ని వేల బీడీలు చుట్టాలె? తమ్ముని ఫీజు కట్టే తేదీ పదిహేను రోజుల్ల ఉన్నది.

పెద్దమనిషితోని కొట్లాట పెట్టుకోలేదు. ఫోను తీసి, మొదటిరోజు ఫొటోలు, ఆయన పెట్టిన బొటనవేలు చూపించిన. “కాకా, ఈ మచ్చ నేను రాకముందుదే. గోడకు మేకు కూడ కొట్టలేదు. నల్ల వాషర్ నేను మార్పిస్త.” ఆయన అన్నడు, “రివాజు అదే. అందరూ కోసుకుంటరు.” నేను కాగితంల ఆ వాక్యం మీద వేలు పెట్టిన. అప్పుడు లోపలి నుంచి కాకూ, “పోరి డెంగ్యూల కూడ కిరాయి తప్పలేదు. ఇచ్చెయ్” అన్నది. కాగితం పని చేసిందా, కాకూ మాట పని చేసిందా అని నన్నడిగితే, కాగితం లేకుంటే కాకూ మాట్లాడటానికి సందే దొరకకపోయేది అంట.

ఒకటి గుర్తుంచుకోండ్రి. డిపాజిట్ రాలేదని గడువు దాటినంక ఖోలీల కూర్చుంటే చట్టం మనకు తిరగబడతది. గడువు అయిపోయినంక ఉన్న రోజులకు రెట్టింపు కిరాయి నష్టపరిహారంగ అడగొచ్చు. మాది గడువు లోపలి ముచ్చట. చివరి రోజు సామాను టెంపోల ఎక్కించి, మీటర్ ఫొటో తీసి, ఖాళీ ఖోలీల కాకాతో కలిసి తిరిగిన. కరెంటు బిల్లు బాకీ 860, నల్లకు 340 తీసేసి, 38,800 నా ఖాతాల పడ్డంక తాళంచెవి చేతిల పెట్టిన. అరగంట కూడ పట్టలేదు.

కొత్త దవాఖానా ఫుర్సుంగి పక్క. అక్కడ ఖోలీ చూసిన, కిరాయి తక్కువ, కాని నీళ్లు ట్యాంకర్‌వి. మాలకీణ్ ముందు మాటగ అడిగింది, “ఒక్కదానివేనా?”