సూదిని పట్టి విడిచే దిండు

నరసాపురం లేసుకు ఒక్క క్రోషియా సూది చాలు, ఒళ్ళో పెట్టుకుని అల్లేయవచ్చు. పదహారో శతాబ్దంలో ఇటలీ, ఫ్లాండర్స్ ప్రాంతాల్లో వికసించిన బాబిన్ లేసుకు మాత్రం దిండు ఉండాల్సిందే. దారం చుట్టిన చిన్న చెక్క కండెలను జతలుగా పట్టి, మెలితిప్పుతూ, ఒకదాని మీదుగా మరొకటి దాటిస్తూ అల్లుతారు. అల్లిక బిగిసేదాకా ప్రతి మలుపునూ గుండుసూదులే నిలబెడతాయి. వాటిని గుచ్చేది ఆ దిండులోకే.

కండెల బరువు దారాన్ని లాగుతున్నా సూది ఒరగకూడదు. తీసినప్పుడు సాఫీగా రావాలి. దాని రంధ్రం పూడుకోవాలి, మళ్ళీ అక్కడే గుచ్చాలి కదా! ఇన్ని గుణాలున్న పదార్థం కోసం సాగిన వెతుకులాటే ఈ దిండు కథ.

ఇంగ్లండులోని బెడ్‌ఫర్డ్‌షైర్, బకింగ్‌హామ్‌షైర్ పల్లెల్లో తరిగిన ఎండుగడ్డిని సంచిలో కూరి, కొయ్యసుత్తితో మోది గట్టిపరిచేవారు. సూది దిగితే గడ్డిపోచలు పక్కకు జరిగి రెండువైపులా నొక్కి పడతాయి. తీయగానే మళ్ళీ దగ్గరకు చేరతాయి. దిండు బలమంతా ఆ ఒత్తిడిలోనే ఉంది. వదులుగా కూరిన గడ్డి ఎందుకూ కొరగాదు.

1876లో లేసు బడి పెట్టిన స్లొవేనియా పట్టణం ఇద్రియాలో దిండు స్తంభంలా గుండ్రంగా ఉంటుంది. తిప్పుకుంటూ పోతే ఎంత పొడవు అంచైనా ఆగకుండా అల్లవచ్చు. మధ్య ఐరోపా దిండ్లలో రంపపు పొట్టు కూడా వాడారు. అది సూదిని గట్టిగా పడుతుంది గానీ బరువెక్కువ.

దిండు లోపలికి తేమ చేరితే ఇనుప సూది తుప్పుపట్టి, తెల్లని లేసు మీద మరక వేస్తుంది. ఇత్తడి సూదులు వాడటానికి కారణం అదే. పై తొడుగుకు ఒత్తుగా నేసిన నూలుగుడ్డ మేలు. అది నూగు రాల్చకూడదు, రంగు దిగకూడదు. ముదురు నీలమో ఆకుపచ్చో అయితే తెల్ల దారం స్పష్టంగా కనబడుతుంది.

ఇరవయ్యో శతాబ్దంలో నురుగు ప్లాస్టిక్కులు వచ్చాయి. థర్మోకోల్ చవక, తేలిక. కానీ దానిలోని చిన్న గాలి గదుల గోడలు పెళుసు, ఒకసారి నలిగితే కోలుకోవు. ఎక్కువగా గుచ్చే నడిభాగం త్వరగా వదులవుతుంది. పాలిథిలీన్ నురుగు సాగి, తిరిగి దగ్గరవుతుంది కనుక ఎక్కువకాలం మన్నుతుంది. అరిగిన ముక్కను మాత్రమే మార్చుకునేలా పలకలుగా అమర్చిన దిండ్లూ ఉన్నాయి.

నేర్చుకునేవారికి థర్మోకోల్ చాలు. ఏళ్ళ తరబడి పనిచేయాలంటే బాగా దట్టించిన గడ్డి దిండునే ఎంచుకోవాలి. ఏది కొన్నా ముందు ఒక సూది గుచ్చి, దానికి దారం కట్టి లాగి చూడండి. సూది ఒరిగితే ఆ దిండు మీద అల్లే లేసు కూడా ఒరుగుతుంది.