బుస్సా, గురగురా, టకటకా? మెకానిక్ కంటే ముందు మీరు వినండి

ఏప్రిల్ వచ్చిందంటే ఏసీ మెకానిక్ దొరకడం, తత్కాల్ టికెట్ దొరకడం ఒకటే. ఎలాగో ఫోన్ కలిస్తే మనం చెప్పేది ఒకటే ముక్క: “ఏసీ నుంచి ఏదో సౌండ్ వస్తోందండీ.” అవతలి నుంచి వచ్చేదీ ఒకటే ముక్క: “గ్యాస్ చెక్ చేయాలి సార్.” తీరా మనిషి వచ్చేసరికి ఆ సౌండ్ రాదు. విజిటింగ్ ఛార్జీ, గ్యాస్ పేరు చెప్పి ఇంకొన్ని వేలు. వారం తిరక్కుండా మళ్లీ అదే సౌండ్.

నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా దగ్గర ఎవరైనా “యాప్ పనిచేయట్లేదు” అని మాత్రమే రాసి పంపితే ఆ కంప్లైంట్ ఎవరూ ముట్టుకోరు. ఎక్కడ, ఎప్పుడు, ఏం నొక్కితే వస్తోంది అని తిరిగి అడుగుతారు. ఏసీకీ అంతే. పైగా శబ్దాలకి తెలుగులో మాటల కరువా? గురగుర, గడగడ, కీచుకీచు, చిటపట, బుస్సు... వీటిలో ఏది వినపడుతోందో కచ్చితంగా చెప్పగలిగితే, ఏ పార్టు దగ్గర వెతకాలో మెకానిక్‌కి చెప్పినట్టే.

ముందు తేల్చుకోవాల్సింది సౌండ్ గదిలోని పెట్టెదా, బయటి పెట్టెదా అని. దీనికో తేలిక పద్ధతి ఉంది. రిమోట్‌లో కూల్ మోడ్ తీసేసి ఫ్యాన్ మోడ్ పెట్టండి. అప్పుడు కంప్రెసర్ తిరగదు, లోపలి బ్లోయర్ ఒక్కటే తిరుగుతుంది. అయినా సౌండ్ వస్తోందంటే తప్పు చాలావరకు లోపలి పెట్టెలోనే. ఆగిపోయిందంటే కంప్రెసర్, బయటి ఫ్యాన్, గ్యాస్ పైపులు, నీళ్ల పైపు వైపు చూడాలి. పది నిమిషాల పని, పైసా ఖర్చు లేదు.

కొన్ని సౌండ్లకి అసలు కంగారే అక్కర్లేదు. ఆన్ చేసిన కొత్తలో, ఆఫ్ చేశాక “టిక్... టిక్” మంటే అది ప్లాస్టిక్ బాడీ చల్లబడి ముడుచుకోవడం, మళ్లీ వేడెక్కి సాగడం. ఆఫ్ చేసిన వెంటనే కాసేపు “స్‌స్‌స్” అంటే పైపుల్లో ఎక్కువ ప్రెషర్ వైపు నుంచి తక్కువ ప్రెషర్ వైపుకి గ్యాస్ సర్దుకుంటోందని అర్థం. ఆఫ్ చేసి వెంటనే ఆన్ చేస్తే సుమారు 3 నిమిషాల దాకా కంప్రెసర్ కదలకపోవడానికి కారణం కూడా ఆ సర్దుబాటే. ఇక ఇన్వర్టర్ ఏసీ అంటారా, దాని కంప్రెసర్ గది వేడిని బట్టి వేగం మార్చుకుంటుంది కాబట్టి మోత పెరిగి తగ్గడం మామూలే. పాత ఏసీలా ఆగి, మళ్లీ మొదలయ్యే రకం కాదది.

మరి నిజంగా గ్యాస్ పోతే? అప్పుడు బుస్సుమనే శబ్దం ఆఫ్ చేసినప్పుడే కాదు, నడుస్తున్నంతసేపూ ఉండొచ్చు. దాంతోపాటు కూలింగ్ తగ్గుతుంది, కాయిల్ మీదో రాగి పైపు మీదో మంచు పేరుకుంటుంది. శబ్దం ఒక్కటే వచ్చి, గది మాత్రం చక్కగా చల్లబడుతుంటే గ్యాస్ మీద అనుమానం పెట్టుకోనక్కర్లేదు. మంచు కనిపించినా ముందు ఫిల్టర్ కడిగి చూడండి. దుమ్ముతో గాలి ఆడకపోయినా మంచు కడుతుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. గ్యాస్ బండిలో పెట్రోల్ లాంటిది కాదు, వాడితే అయిపోదు. అవే పైపుల్లో తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు పట్టకుండా గ్యాస్ నింపడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే. “ఏటా గ్యాస్ టాప్‌అప్ చేయించాలి సార్” అనే మాట నమ్మకండి. జాయింట్ల దగ్గర సబ్బు నురగతోనో, నైట్రోజన్ ప్రెషర్ పెట్టో లీకు వెతకమనండి. ఇప్పుడొస్తున్న చాలా ఏసీల్లో ఉండేది ఆర్32. దానికి కొద్దిగా మండే గుణం ఉంది. కాబట్టి లీకు అనుమానం ఉంటే కిటికీలు తీసి పెట్టండి, ఆ గదిలో దీపం, అగరొత్తి వెలిగించకండి.

మా అక్కావాళ్లు మియాపూర్‌లో కొత్త ఫ్లాట్‌లో దిగిన నెలకే హాల్లో ఏసీ గురగురమనడం మొదలెట్టింది, హుక్కా పీల్చినట్టు. వచ్చిన మెకానిక్ మామూలు మంత్రమే చదివాడు: గ్యాస్. బావ డబ్బులు తీయబోతుంటే అక్క నాకు ఫోన్ చేసింది. “కూలింగ్ ఎలా ఉంది అక్కా?” అంటే “బ్రహ్మాండంగా ఉందిరా” అంది. “ఎప్పుడొస్తోంది?” అంటే “రాత్రి వంట టైములో” అంది. ఇంకేముంది, దొంగ దొరికాడు. వాళ్లది ఓపెన్ కిచెన్. చిమ్నీ వేస్తే గాలి బయటికి లాగేస్తుంది. కిటికీలన్నీ బిగుతుగా మూసుంటే ఆ లోటు తీరడానికి గాలి ఎక్కడో చోట నుంచి లోపలికి రావాలిగా? ఏసీ నీళ్లు బయటికి పోయే పైపులోంచి వస్తుంది. పైపులో నిలిచిన నీళ్లలోంచి గాలి బుడగలుగా వస్తుంటే అదే గురగుర. “వంటింటి కిటికీ ఒక బెత్తెడు తెరువక్కా” అన్నాను. తెరవగానే ఏసీ నోరు మూసింది. గాలి వెనక్కి రాకుండా ఆ పైపుకి చిన్న వాల్వు పెట్టించుకున్నా సరిపోతుంది. అక్క మాత్రం కిటికీతోనే లాగించేస్తోంది.

లోపలి పెట్టెలో ఇంకా ఎక్కువగా వినపడేది “వూం వూం” మనే ఊగుడు మోత. బ్లోయర్ రెక్కలకి దుమ్ము ఒకవైపు ఎక్కువ అంటుకుంటే బరువు తేడా వచ్చి అలా ఊగుతుంది. ఫిల్టర్ మీరే కడుక్కోవచ్చు, ఎండాకాలంలో రెండు వారాలకోసారి. బ్లోయర్ క్లీనింగ్ మాత్రం సర్వీసు వాళ్ల పని. కీచుమంటే బేరింగ్ అరిగిందేమో చూడమనండి. ఉన్నట్టుండి టపటప కొట్టుకుంటే ఏదో అడ్డుపడినట్టే. మన ఇళ్లలో చాలాసార్లు అది పాపం ఒక బల్లి.

బయటి పెట్టె గడగడమంటే ముందు స్టాండు బోల్టులు, కింద ఉండాల్సిన రబ్బరు ముక్కలు చూడాలి. రబ్బరు అరిగితే కంప్రెసర్ వణుకు గోడలోకి ఎక్కుతుంది. మీ బెడ్‌రూమ్‌లో తెలియకపోయినా గోడ అవతల వాళ్లకి నిద్ర ఉండదు. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో అయితే పావురాలు ఎలాగూ ఉన్నాయి. గూటి పుల్ల ఒకటి ఫ్యాన్‌లో పడితే చాలు, టకటకటక. చూడ్డానికి మాత్రం బాల్కనీ గోడ ఎక్కి వంగకండి, సజ్జ మీదికి దిగకండి. ఫోన్‌ని సెల్ఫీ స్టిక్‌కి పెట్టి వీడియో తీస్తే సరిపోతుంది.

ఆగకూడని సౌండ్లు రెండున్నాయి. “మ్‌మ్‌మ్” అని మూలిగి, స్టార్ట్ కాలేక, “టక్” మని ఆగి, కాసేపటికి మళ్లీ అదే వరస. పాత రకం ఏసీల్లో ఇది ఎక్కువగా కెపాసిటర్ పోవడమో, వోల్టేజీ పడిపోవడమో. కెపాసిటర్ వందల్లో పోయే పార్టు. పట్టించుకోకుండా అలాగే నడిపితే కంప్రెసర్ దాకా వస్తుంది, అది వేలల్లో. రెండోది చిటపట, దాంతో కాలిన వాసన. రిమోట్ కోసం వెతుక్కోకుండా నేరుగా ఎంసీబీ దించేయండి. ప్లగ్గు నల్లబడిందా, వైరు కరిగిందా అన్నది ఎలక్ట్రీషియన్ చూసేదాకా మళ్లీ వేయొద్దు. యూట్యూబ్ చూసి బయటి పెట్టె మూత విప్పే ఉత్సాహం కూడా వద్దు. కరెంటు తీసేశాక కూడా కెపాసిటర్‌లో ఛార్జి మిగిలి ఉంటుంది.

మెకానిక్ వచ్చే రోజు కోసం సౌండ్ వచ్చినప్పుడే ఫోన్‌లో రికార్డ్ చేసి పెట్టుకోండి. ఏ మోడ్, ఏ టైము అన్నది అందులోనే నోటితో చెప్పేయండి. వారంటీ ఉన్న ఏసీ అయితే కంపెనీ సర్వీసుకే కంప్లైంట్ పెట్టండి, బయటివాళ్లు విప్పితే తర్వాత పేచీ పెడతారు. గ్యాస్ నింపక తప్పదని తేలితే బయటి యూనిట్ మీద స్టిక్కర్ చూడండి. ఏ గ్యాస్, ఎంత బరువు అన్నది దాని మీదే ఉంటుంది. పాత గ్యాస్ పూర్తిగా తీసి, వ్యాక్యూమ్ పంపు పెట్టి, కాటా మీద తూచి అంతే ఎక్కించమనండి. కాటా తేలేదంటే, తెచ్చుకుని రేపు రమ్మనండి.